గేటు దాటని రికార్డరు

ఉద్యోగంలో ఉండగా మరణించినవారి ఇంట్లో ఒకరికి కారుణ్య ప్రాతిపదికన కొలువు ఇవ్వడం మన దగ్గర చాలాకాలంగా ఉన్నదే. అర్జీ పెట్టి మరణించినవారి స్థానంలో భర్తను కారుణ్య ప్రాతిపదికన కమిటీ సభ్యుణ్ణి చేయడం మాత్రం, నాకు తెలిసినంతవరకు, నాతోనే మొదలైంది.

అర్జీ పెట్టింది నా భార్య సుగుణ. మేమిద్దరం గుల్లలదిబ్బ బడిలో టీచర్లం. బడి వెనక ఇసుక, ఇసుక వెనక సముద్రం. ఆ ఒడ్డున పెద్దవల లాగుతారు. పడవ మీద వెళ్ళి వలను సముద్రంలో విల్లులా వదిలి వస్తారు. ఒడ్డున రెండు జట్లు రెండు తాళ్ళు పట్టుకుని గంటల తరబడి లాగుతాయి. లాగుతున్నంతసేపూ ఒకడు పదం ఎత్తుకుంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. పదంలో ఎక్కువ భాగం సరిగా లాగనివాణ్ణి తిట్టడమే.

ఆ ఒడ్డు మీద ఒక విహార కేంద్రం వారి కన్ను పడింది. దసరా దాటగానే లీజు మొదలవుతుందని కబురు వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే శ్రవ్య వారసత్వ మండలివారు ఒక పథకం ప్రకటించారు. ఒకచోట ఒక వృత్తి బతికి ఉన్నదనడానికి దాని శబ్దమే సాక్ష్యమనీ, ఏ స్థలంలోని శబ్దం మండలి రిజిస్టరులో చేరుతుందో ఆ స్థలాన్ని ఎవరికీ లీజుకు ఇవ్వరాదనీ అందులో ఉంది. నిబంధనల ప్రతి తెప్పించి చదివి, మా ఒడ్డు పదాన్ని రికార్డు చేయమని సుగుణ అర్జీ రాసింది.

జవాబు వచ్చేసరికి ఆమె లేదు. జవాబు ఆమె పేరిటే వచ్చింది. అర్జీని సానుకూలంగా పరిశీలించామనీ, జిల్లాకు రికార్డరు కొనవలసి ఉన్నందున ఆమెను కొనుగోలు కమిటీలో సభ్యురాలిగా వేశామనీ అందులో ఉంది. ఆమె చనిపోయిందని తిరిగి రాశాను. విచారం తెలియజేస్తూ, ఏర్పడిన ఖాళీని నాతో పూరించారు.

ఆమె గురించి ఇక్కడ ఇంతకన్న రాయను. ఇది రికార్డరు కథ.

మొదటి సమావేశానికి బయల్దేరుతుంటే తెడ్డు సోములు ఎదురొచ్చాడు. ఒడ్డున పదం ఎత్తుకునేది అతనే.

"రికార్డింగు మిషను కొంటారంట గదా మాస్టారూ. ఆ సెల్లుతో తీసీకూడదేటి? మా మేనల్లుడు పెళ్ళి మొత్తం సెల్లులోనే తీసీసినాడు."

ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు కమిటీ ముందు పెట్టాను. అధ్యక్ష స్థానంలో ప్రత్యేకాధికారి విశ్వంభరరావుగారు ఉన్నారు. ఆయన కాసేపు కళ్ళు మూసుకుని తెరిచారు.

"సెల్‌ఫోను వ్యక్తిగత స్వభావం గల వస్తువు మాస్టారూ. వారసత్వం ప్రభుత్వ స్వభావం గలది. వ్యక్తిగత వస్తువులోకి ప్రభుత్వ శబ్దం ప్రవేశించడానికి నిబంధన లేదు."

ఆయన కుడిపక్కన సాంకేతిక సలహాదారు డాక్టర్ మకరంద్. ఆయన డాక్టరేటు భూగర్భ జలాల మీద. ఎడమపక్కన లెక్కల విభాగం నుంచి చక్రపాణిగారు. రికార్డరుకు ఏయే లక్షణాలు ఉండాలో రాయవలసి వచ్చినప్పుడు చక్రపాణిగారు ఒక పాత ఫైలు తీశారు.

"గత ఏడు ఆఫీసుకు వాటర్ కూలరు కొన్నాం. ఆ టెండరు మీద ఆడిట్ అభ్యంతరం ఒక్కటీ రాలేదు. అభ్యంతరం రాని కాగితం చేతిలో ఉండగా కొత్తది రాసి కొరివితో తల గోక్కోవడం దేనికి? 'కూలరు' అన్నచోటల్లా 'రికార్డరు' అని మారిస్తే సరి."

మార్చారు. అదనంగా ఒక వాక్యం చేర్చారు. మనుషులు అబద్ధమాడే అవకాశం ఉన్నందున, ఏ శబ్దం ఎక్కడ రికార్డయిందో ఆ స్థలాన్ని యంత్రం తనంతట తానే గుర్తించి నమోదు చేసుకోవాలి. ఆ నమోదే అంతిమం. ఈ వాక్యం డాక్టర్ మకరంద్‌ది. దాన్ని చూసి ఆయన చాలా సంతోషించారు.

మిగతాదంతా కూలరుదే. గంటకు నలభై లీటర్లకు తగ్గకుండా చల్లని నీరు ఇవ్వాలన్న షరతు కూడా అలాగే ఉండిపోయింది. మూడు కంపెనీలు టెండరు వేశాయి. రెండు కంపెనీలు తమ రికార్డర్లు ఆ షరతును పూర్తిగా నెరవేరుస్తాయని సంతకం చేసి ఇచ్చాయి. మూడో కంపెనీ మాత్రం తమ రికార్డరు నీరు ఇవ్వదని రాసింది. దాని నిజాయతీని మినిట్సులో మెచ్చుకుని, టెండరు తిరస్కరించారు.

మిగిలిన రెండు యంత్రాలనూ బల్లమీద పెట్టి పరీక్షించే రోజు వచ్చింది.

"యంత్రం నాణ్యత దాని సొంత రొదను బట్టి తెలుస్తుంది," అన్నారు డాక్టర్ మకరంద్. "బయట ఏ శబ్దమూ లేనప్పుడు ఏ యంత్రం తక్కువ వినిపిస్తుందో అది మేలైనది."

ఈ మాట నిజమే. నేనూ చదివాను. అయితే ఆ గదిలో నిశ్శబ్దం దొరకడం కష్టమైంది. ఫ్యాను ఆపితే టీ కప్పులు, కప్పులు ఆపితే పక్కగదిలో ఫోను. అప్పుడు విశ్వంభరరావుగారికి అజెండా గుర్తొచ్చింది.

"అంశం నాలుగు, దివంగత అర్జీదారుకు సంతాపం. గత సమావేశంలో సమయాభావం వల్ల వాయిదా పడింది. అంశం అయిదు, యంత్రాల పరీక్ష. సంతాపంలో ఎలాగూ మౌనం ఉంటుంది. రెంటినీ కలిపితే మౌనం వృథా కాదు. మాస్టారూ, మీకు అభ్యంతరం లేదు కదా?"

లేదన్నాను.

తలుపులు మూశారు. ఫ్యాన్లు ఆపారు. పక్కగదికి మనిషిని పంపి సంతాపం జరుగుతోందని చెప్పించారు. డాక్టర్ మకరంద్ రెండు యంత్రాల మీటలూ నొక్కారు. అందరం లేచి నిలబడ్డాం. రెండో యంత్రం ఎర్రదీపం నిలకడగా వెలుగుతోంది. మొదటి యంత్రం దీపం ఆగి ఆగి మెరుస్తోంది. మెరుస్తున్నదంటే ఆ యంత్రం సిద్ధంగా ఉన్నదని మాత్రమే అర్థమనీ, మీట ఇంకోసారి నొక్కితేనే రికార్డు మొదలవుతుందనీ దానితో వచ్చిన పుస్తకంలో చదివాను. సంతాప సభలో మాట్లాడకూడదు గనక ఊరుకున్నాను.

కూర్చున్నాక డాక్టర్ మకరంద్ చెవులకు తొడుగులు పెట్టుకుని రెండో యంత్రాన్ని విన్నారు. నొసలు ముడిచారు.

"ఇందులో ఎవరిదో ఊపిరి వినిపిస్తోంది. ఒకచోట గట్టిగా తీసుకుని ఆపేశారు. చాలాసేపు లేదు. తరవాత ఒక్కసారిగా వదిలారు." అందరివైపూ చూశారు. "ఇదెవరిది?"

"నాదయి ఉంటుంది," అన్నాను.

విశ్వంభరరావుగారు జాలిపడ్డారు. "బాధపడకండి మాస్టారూ. తప్పు మీది కాదు, యంత్రానిది. అంత చిన్న విషయం పట్టుకోవలసిన అవసరం దానికి లేదు."

మొదటి యంత్రాన్ని విన్నారు. డాక్టర్ మకరంద్ ముఖం విప్పారింది.

"ఏమీ లేదు. పూర్తి శూన్యం. నా అనుభవంలో ఇంత స్వచ్ఛమైన నిశ్శబ్దం వినలేదు."

రెండో యంత్రాన్ని తిరస్కరించి మొదటిదాన్ని ఏకగ్రీవంగా ఎన్నుకునే ముందు, దీపం సంగతి చెప్పాను. చక్రపాణిగారు పెన్ను కింద పెట్టారు.

"మాస్టారూ, మీ సభ్యత్వం కారుణ్యానికి సంబంధించినది. దీపాలు సాంకేతికానికి సంబంధించినవి. ఎవరి పరిధి వారిది."

యంత్రం వచ్చింది. అరచేతిలో ఇమిడేంత చిన్నది. మెడలో వేసుకుని కొండలూ కోనలూ తిరగవచ్చని అట్టపెట్టె మీద బొమ్మ కూడా ఉంది. వానలు వచ్చి వెళ్ళాయి. గుల్లలదిబ్బ ఒడ్డున విహార కేంద్రం మనుషులు కొలతలు కొలిచి గుంజలు పాతి వెళ్ళారు. తీగ కట్టడమే తరువాయి.

"వల లాగుతుంటే కాళ్ళకి ఆ గుంజలే అడ్డం పడతన్నాయి మాస్టారూ," అన్నాడు సోములు. "ఆ మిషనెప్పుడొస్తాది? తీగ కట్టీసినాక ఒచ్చి మా ఏడుపు తీసుకుంటాదేటి?"

జిల్లా ఆఫీసుకు వెళ్ళి అడిగాను.

"గ్యారంటీ కార్డు చూశారా?" అన్నారు చక్రపాణిగారు. "ఉప్పుగాలి, ఇసుక, తేమ తగిలితే కంపెనీకి బాధ్యత లేదు. మీ సముద్రంలో ఆ మూడూ ఉన్నాయి. పోనీ బీమా చేద్దామంటే, యంత్రం ఆఫీసు గేటు దాటినట్టు రుజువుంటే తప్ప బీమా ఇవ్వరు. బీమా ఉంటే తప్ప నేను గేటు దాటనివ్వను."

"ఇది చేత పట్టుకుని తిరిగే యంత్రం కదండీ."

"తిరగనివ్వండి. ఆవరణ పెద్దదే."

చివరికి విశ్వంభరరావుగారే మార్గం కనుగొన్నారు. యంత్రం ఒడ్డుకు పోలేదు గనక ఒడ్డే యంత్రం దగ్గరికి రావాలి. జట్టును తాళ్ళతో సహా ఆఫీసు ఆవరణకు రమ్మని ఉత్తర్వు పంపారు. సముద్రం రొద ఉండదు గనక శబ్దం మరింత శుభ్రంగా వస్తుందని డాక్టర్ మకరంద్ హర్షించారు.

ఒక పూట వేట మానుకుని జట్టంతా లారీలో వచ్చింది. సోములు అక్క బుడ్డెమ్మ కూడా వచ్చింది. చేపల గంప దించకుండా ముప్పై ఊళ్ళు తిరిగిన మనిషి. ఆమెకు జిల్లాలో తెలియని గుమ్మం లేదు. అందరినీ మెట్ల ముందు వరసగా నిలబెట్టారు.

"ఊఁ, పాడండి," అన్నారు డాక్టర్ మకరంద్.

సోములు చుట్టూ చూశాడు. "ఏటి పాడమంటారు బాబూ? చేతిలో బరువు నేకపోతే పదం ఎలాగొస్తాది? ఆకలి నేకండా అన్నం తిన్నట్టుంటాది."

"నటించండి."

"మావు వల లాగీవోళ్ళం బాబూ. నాటకాలోళ్ళు ఏరే ఊళ్ళో ఉంటారు."

కాసేపు చర్చ జరిగింది. ఆవరణలో బరువైన వస్తువు ఏదని వెతికితే ప్రత్యేకాధికారిగారి జీపు కనిపించింది. బ్రేకు వేసి, వెనక కొక్కేనికి తాడు కట్టారు. జట్టు తాడు పట్టింది. విశ్వంభరరావుగారు శాస్త్రోక్తంగా యంత్రం మీట నొక్కారు. దీపం మెరవడం మొదలైంది. ఫోటో సరిగా రాలేదని ఫోటోగ్రాఫరు అనడంతో ఇంకోసారి నొక్కారు. దీపం నిలకడగా వెలిగింది. ఆ విధంగా యంత్రం కొన్నాక మొదటిసారి రికార్డు చేసింది.

తాడు బిగిసింది. సోములు గొంతు ఎత్తాడు.

"జీపు కదలదు లాగరో"

"ఓ లాగో లాగు"

"జీపుగలోడు కదలడు"

"ఓ లాగో లాగు"

"బొజ్జ సూస్తే నావంత"

"ఓ లాగో లాగు"

"పని సూస్తే పరిగంత"

"ఓ లాగో లాగు"

జీపు బ్రేకుతో సహా మూరెడు కదిలింది. విశ్వంభరరావుగారు చప్పట్లు కొట్టారు. పదంలో ఎవరి ప్రస్తావన ఉన్నదో ఆయనకు తెలియలేదు, లేక అది సంప్రదాయమనుకున్నారు. రెండోది కూడా నిజమే.

దసరాకు కొద్దిరోజుల ముందు ఉత్తర్వు వచ్చింది. దాన్ని ఒడ్డుకు తీసుకువెళ్ళి, పడవ నీడన కూర్చున్న జట్టుకు చదివి వినిపించాను.

"సదరు యంత్రం తనంతట తాను నమోదు చేసిన స్థలంలో, అనగా జిల్లా కార్యాలయ ఆవరణలో, పెద్దవల వృత్తి సజీవంగా ఉన్నదని నిర్ధారణ అయినందున, సదరు ఆవరణను సంరక్షిత వృత్తి తీరంగా ప్రకటించడమైనది. గుల్లలదిబ్బ వద్ద ఏ శబ్దమూ నమోదు కానందున, అక్కడ సదరు వృత్తి లేదని భావించడమైనది."

వాళ్ళ కాళ్ళ దగ్గర వల తడిగా ఉంది.

"అంటే ఒడ్డు పోయినట్టేనా మాస్టారూ?" అన్నాడు సోములు.

"ఈ కాగితం ప్రకారం పోయినట్టే."

"మరి ఆఫీసు మనదా?" అంది బుడ్డెమ్మ.

"ఆఫీసు కాదు. ఆవరణలో వల లాగే హక్కు మీది."

"సముద్రమేదీ ఆడ?"

"సముద్రం ప్రస్తావన ఉత్తర్వులో లేదు."

బుడ్డెమ్మ లేచి చీర దులుపుకుంది. "ఒరే సోములూ, గవర్నమెంటోళ్ళు పిల్సి మరీ రేవు ఇచ్చినారు. ఎల్లకపోతే మరేదగా ఉండదు. లారీ మాటాడు. నెత్తళ్ళ గంపలు నాను తెస్తాను."

నిబంధనల ప్రతిలో సంరక్షిత తీరం గురించిన భాగాన్ని పెద్ద అక్షరాలతో తెల్లకాగితం మీద రాసి ఇమ్మని సోములు నన్ను అడిగాడు. రాసి ఇచ్చాను. దస్తూరి బాగుంటుందని సుగుణ అంటూ ఉండేది. ఆ రోజు ఇంకాస్త శ్రద్ధగా రాశాను.

పెద్దవల ఎంత పెద్దదో నేలమీద పరిచినప్పుడుగాని తెలియదు. మర్నాడు ఆఫీసు తెరిచేసరికి అది జెండా దిమ్మెను, పూలకుండీలను, జీపును, చక్రపాణిగారి స్కూటరును చుట్టుకుని గేటు దాకా పరుచుకుని ఉంది. రెండు చివర్లా రెండు జట్లు తాళ్ళు పట్టుకుని కూర్చున్నాయి. బుడ్డెమ్మ పచ్చి నెత్తళ్ళను ప్రత్యేకాధికారిగారి గది ముందు వరండాలో, ఎండ బాగా పడే చోట, పలచగా ఆరబోసింది.

విశ్వంభరరావుగారు గేటు దాకా నడిచి వచ్చి, వల మీద కాలు పెట్టాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డారు.

"ఎవరి అనుమతితో ఇదంతా?"

"మీ అనుమతేనండి," అన్నాడు సోములు వినయంగా. "సంతకం కూడా తవరిదే. మాస్టారు సదివి ఇనిపించినారు."

నేను రాసిచ్చిన కాగితం గేటుకు అంటించి ఉంది. చక్రపాణిగారు దాన్ని గొణుగుతూ చదివారు. వల ఒడ్డుకు చేరేవరకు సంరక్షిత తీరంలో వాహనాలు కదలరాదు. చేపలు ఎండబెట్టుకోవడానికి ఆటంకం కలిగించరాదు. శాశ్వత కట్టడాలు ఉన్నచో తొలగించవలెను. ఆఖరి వాక్యం దగ్గర ఆగి, తల ఎత్తి ఆఫీసు డాబా వైపు చూశారు.

"వల ఎప్పుడు చేరుతుంది?" అన్నారు విశ్వంభరరావుగారు.

"సేప పడ్డాక బాబూ."

"ఇక్కడ చేప ఎలా పడుతుందయ్యా?"

"మావూ దానికోసమే సూస్తన్నాం."

"చూడండి, పొరపాటు జరిగిందనే అనుకుందాం. సవరణకు పద్ధతి ఉంది. యంత్రం నమోదు అంతిమం గనక, దాన్ని ప్రశ్నించాలంటే రాష్ట్రస్థాయి సాంకేతిక సంఘం వెయ్యాలి. ఆ సంఘాన్ని ఏర్పాటు చేయడానికి..."

"తొందరేం నేదు బాబుగారూ," అంది బుడ్డెమ్మ చేపలు తిరగేస్తూ. "ఈడ నీడుంది, కుళాయుంది. కాకులు కూడా తక్కువే. అలగే కానీండి."

మధ్యాహ్నానికి వరండా గదుల కిటికీలన్నీ మూసుకున్నాయి. మర్నాటికి మూసినా లాభం లేకపోయింది. వాటర్ కూలరు దాకా వల ఉన్నందున ఉద్యోగులకు నీళ్ళు లేవు. జీపు వలలోనే ఉంది. ఆ పూట నన్ను పిలిపించారు. గదిలో ముగ్గురూ ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"మాస్టారూ, మీరు కమిటీలో సభ్యులు," అన్నారు విశ్వంభరరావుగారు రుమాలు లోపలినుంచి. "వీళ్ళకు మీరు చెబితే వింటారు."

"వాళ్ళు ఉత్తర్వు ప్రకారమే ఉన్నారండి. నేనేం చెప్పాలి?"

డాక్టర్ మకరంద్ కిటికీ వైపు చూస్తున్నారు. చక్రపాణిగారు నిబంధనల పుస్తకం తిప్పుతున్నారు. అంత వేగంగా ఆయన పేజీలు తిప్పడం నేను మునుపు చూడలేదు. ఒకచోట వేలు ఆగింది.

"సార్, ఇక్కడ ఉంది. 'అత్యవసర పరిస్థితిలో ప్రత్యేకాధికారి స్వయంగా వెళ్ళి, అందుబాటులో ఉన్న ఏ పరికరంతోనైనా శబ్దాన్ని నమోదు చేయవచ్చును. అట్టి నమోదు పూర్వపు నమోదును రద్దు చేయును. అందులో కోత, మార్పు చేయరాదు.'"

"ఏ పరికరంతోనైనానా?"

"ఏ పరికరంతోనైనా."

ఆ నిబంధన మొదటినుంచీ ఆ పుస్తకంలోనే ఉంది. సుగుణ అర్జీలో దాని సంఖ్య కూడా రాసింది. అర్జీని ఎవరైనా చివరిదాకా చదివి ఉంటే కమిటీ అవసరమే ఉండేది కాదు. ఈ మాట నేను పైకి అనలేదు. "అత్యవసరం ఏమిటని రాద్దాం?" అని విశ్వంభరరావుగారు అడిగితే, "వాసన అని రాయవచ్చు," అన్నాను. అలాగే రాశారు.

మరునాడు ఉదయం విశ్వంభరరావుగారు గుల్లలదిబ్బకు వచ్చారు. వలనూ జట్టునూ ఎక్కించిన లారీలో, డ్రైవరు పక్కన కూర్చుని వచ్చారు. వల ఒడ్డుకు చేరేవరకు ఆవరణలో వాహనం కదలరాదు గనక జీపు అక్కడే ఉండిపోయింది. వలను సముద్రంలో వదిలారు. తాళ్ళు ఒడ్డుకు చేరాయి. జట్టు విహార కేంద్రం గుంజలను తప్పుకుంటూ రెండు వరసల్లో నిలబడింది. ఆయన తన సెల్‌ఫోను తీసి, గాలి కొట్టకుండా రుమాలు చుట్టి, చేయి చాపి పట్టుకున్నారు. వ్యక్తిగత వస్తువులోకి ప్రభుత్వ శబ్దం ప్రవేశించడం మొదలైంది. దానికి ఏ బాధా కలిగినట్టు కనిపించలేదు.

సవరణ ఉత్తర్వు ఆ సాయంత్రానికే వచ్చింది. ఒడ్డు రిజిస్టరుకు ఎక్కింది, లీజు రద్దయింది. గుంజలను జట్టువాళ్ళే పీకేశారు. కొన్న రికార్డరు మాత్రం జిల్లా ఆఫీసులో అద్దాల బీరువాలో క్షేమంగా ఉంది. దాని పనితీరు మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు.

మండలి రిజిస్టరులో ఆనాటి శబ్దాన్ని ఎవరైనా వినవచ్చు. ముందు గాలి, తరవాత కెరటం, ఆ తరవాత సోములు. వల బరువుగా ఉంది; పదం సాగుతూనే ఉంది. ఎండెక్కింది. ఒకచోట విశ్వంభరరావుగారి గొంతు స్పష్టంగా వినిపిస్తుంది: "ఇంకెంతసేపు?"

సోములు తాళం తప్పలేదు.

"ఎంతసేపని అడిగేటోడు"

"ఓ లాగో లాగు"

"ఎప్పుడైనా లాగినాడా"

"ఓ లాగో లాగు"

"ఆపీసంతా కదిలొచ్చినా"

"ఓ లాగో లాగు"

"అంగుళం కూడా జరగదురో"

"ఓ లాగో లాగు"

విశ్వంభరరావుగారు ఫోను ఆపబోయి నావైపు చూశారు. ఈ ముక్క లేకుండా చేయాలంటే వల మళ్ళీ మొదటినుంచి వెయ్యాలని, అందుకు రేపు కూడా రావాలని చెప్పాను. ఆయన చేయి అలాగే చాచి, వల ఒడ్డుకు చేరేదాకా, జట్టు తనను తిడుతున్నంతసేపూ, కదలకుండా పట్టుకున్నారు.